తలుపు మూసుకున్న మెయిలు పెట్టె

కృపావతిది ఒకటే పిచ్చి. రెండు కంప్యూటర్లు ఏం మాట్లాడుకుంటాండాయో వినకపోతే ఆమెకు అన్నం సయించదు. నంద్యాలలో ఇంటర్నెట్ సెంటరు నడుపుతా, గిరాకీ లేనప్పుడు ఒక ఉచిత మెయిలు ప్రోగ్రాంకు పనిచేసేది. దాన్ని రాసేటోళ్లు ఏయే దేశాల్లోనో ఉన్నారు, ఎవురికీ జీతాల్లేవు. ఈమె అందులో తప్పులు పట్టి చెప్పేది. "ఏమొస్తాదే నీకు?" అని వాళ్లమ్మ తిడితే నవ్వేది.

ఆళ్లగడ్డ శిల్పి నారాయణ ఆమె సెంటరుకొచ్చి ఆ ప్రోగ్రాంలోనే మెయిళ్లు చూసుకునేవాడు. ఆ మెయిలు పెట్టె ఇచ్చింది ఆయన విగ్రహాలు కొనే కాంట్రాక్టరు. విగ్రహానికి కళ్లు తెరిచేది గుడికి చేరినాకే, ఆ పని కాంట్రాక్టరు మనిషి చేసేవాడు. పాపం, తన దేవుళ్ల చూపు నారాయణకు మెయిల్లో వచ్చే ఫోటోల్లోనే దక్కేది.

2006లో కాంట్రాక్టరు ఆఫీసు నుంచి కబురొచ్చింది: వారంలో సర్వరు మారుస్తాండాం, ఇకమీద ఫలానా కంపెనీ ప్రోగ్రాం కొన్నోళ్లకే మెయిలు.

"నా ఫోటోలన్నీ పోతాయా పాపా?" నారాయణ మొహం మాడిపోయింది.

"ఉండన్నా, చూస్తా."

కృపావతి పాత సర్వరుతో తానే కీబోర్డు మీద మాట కలిపింది. నారాయణ పేరు, పాస్‌వర్డు చెప్పి, ఒక మెయిలు అడిగింది. అబ్బా, అది బుద్ధిగా ఇచ్చింది! సర్వరుతో మాట్లాడే ఆ పద్ధతి పేరు ఐమ్యాప్, దాన్ని ఎవురైనా చదువుకునేలా బయట పెట్టినారు. ఆమెకు ఒళ్లు పులకరించింది. గడువులోపలే పాత మెయిళ్లన్నీ దించి సీడీ చేసిచ్చింది.

సర్వరు మారినాక, నారాయణ చెక్కిన పగిడ్యాల అమ్మవారి ఫోటో మెయిల్లో పంపినామని కాంట్రాక్టరు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. కృపావతి కొత్త సర్వరును పలకరిస్తే అంతా తలాతోకా లేని గీతలు. ప్రోగ్రాం రాసేటోళ్లను అడిగితే, "ఆ కంపెనీ తన పద్ధతి ఎవురికీ చెప్పదు. విని విని మేమే పసిగట్టాల, ఏండ్లు పడతాది" అన్నారు. ఆమెకు ఒళ్లు మండింది. ఆ గీతల్లో ఏముందో అని ఆశ మాత్రం చావలేదు.

"అమ్మవారి కళ్లు ఎట్ల కుదిరినాయో ఏమో" అని నారాయణ గొణిగినాడు.

"పగిడ్యాల ఏమన్నా చంద్రమండలంలో ఉందా అన్నా? పద, బస్సుకు పోదాం!"

గుడిలో అమ్మవారి ముందు నారాయణ బిగుసుకుపోయినాడు. "నన్నే చూస్తాంది పాపా" అని బావురుమన్నాడు.

కృపావతికీ కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. ఫోటో తీద్దామని ఫోను బయటికి తీసింది.

"వద్దు పాపా" అన్నాడు నారాయణ. "రేపు మహానంది పోదాం. ఆడ కూడా నాదొకటుంది."