ఎర్ర రిబ్బన్ కట్టిన నాలుగు చెట్లు

ఆ రోజుల్లో నిచ్చెన అంటే పైకెక్కడానికే అనుకునేవాణ్ణి. దిగాక మోకాళ్లు పట్టుకుని కాసేపు కూర్చోవాలనీ, సరిగ్గా ఆ కాసేపట్లోనే ఇంకెవరో ఫోన్ చేసి "కెమెరాలో ఏమీ కనపడట్లేదండి" అంటారనీ, బండేసుకుని వెళ్లి చూస్తే సాలీడు గూడు కట్టుకుని హాయిగా పడుకుని ఉంటుందనీ అప్పుడు తెలీదు. కొవ్వూరులో సగం గోడలకి కళ్లు పెట్టాను. ఈ మధ్యే నా కళ్లకి జోడు వచ్చింది. ఇప్పుడెవరైనా కుర్రాళ్లు వచ్చి "ఈ లైన్లోకి రావాలంటే ఏం చదవాలండి?" అని అడిగితే, చదవడం సంగతి నాకు తెలీదు గానీ, తల ఎత్తి పైకి చూసే ముందు ఒకసారి వంగి కింద చూడమని చెబుతుంటాను. వాళ్లకి అర్థం కాదు. మీకు చెప్తాను.

అంతకు ముందు నేను ఒక రీఛార్జి కొట్లో పనిచేసేవాణ్ణి. జనం ఎవరి ఫోన్లో వాళ్లే రీఛార్జి చేసుకోవడం మొదలెట్టేసరికి మా కొట్టుకే ఛార్జింగ్ అయిపోయింది. జంగారెడ్డిగూడెంలో మా పెదనాన్నకి పురుగుమందుల షాపు ఉంది. "నెలాఖరు దాకా చూడరా. ఏదీ కుదరకపోతే వచ్చి మన కౌంటర్లో కూర్చో" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు పాపం. కానీ ఆ షాపులో పది నిమిషాలు నిలబడితే పురుగుల కంటే ముందు నేను పడిపోతాను. అందుకని సీసీ కెమెరాల పనిలోకి దిగాను (ఎక్కాను అనాలేమో). నా చదువంతా ఫోన్లో చూసిన వీడియోలు. అవి హిందీలో ఉండేవి, నాకు హిందీ రాదు. చెప్పేవాడి చేతులు చూసి నేర్చుకున్నాను. ప్రాక్టీసుకని మా వంటింట్లో ఒకటి బిగిస్తే, అమ్మ వారం రోజులు పెళ్లి చీర కట్టుకుని వంట చేసింది.

మొదటి పని కడియం వైపు ఒక నర్సరీలో దొరికింది. ఆ నర్సరీ ఆసామిని చుట్టుపక్కలంతా మొక్కల బాబాయిగారు అనేవారు. కుండీలు మాయమవుతున్నాయట, నాలుగు కెమెరాలు పెట్టాలన్నారు. "అనుభవం ఉందా బాబూ?" అని అడిగితే, "ఆయ్, నాలుగేళ్లండి" అన్నాను. (రీఛార్జి కొట్టు కలుపుకుని.) ఆయన నన్ను కింద నుంచి పైదాకా ఒకసారి చూసి, "సరే, నీకు వీలైన చోట పెట్టుకో" అని లారీ లోడింగు దగ్గరికి వెళ్లిపోయారు.

నర్సరీలో గోడ ఉండదు. ఎకరాల కొద్దీ మొక్కలు, మధ్యలో పచ్చ వల, ఓ మూల చిన్న ఆఫీసు గది. కెమెరాలు దేనికి బిగించాలా అని తిరుగుతుంటే, రోడ్డు వైపు వరసలో నాలుగు పామ్ చెట్లు కనిపించాయి. నున్నటి మానులు, స్తంభాల్లా నిటారుగా ఉన్నాయి. పైగా ఆ నాలుగింటికీ ఎర్ర రిబ్బన్లు కట్టి ఉన్నాయి. నాలుగు కెమెరాలు, నాలుగు రిబ్బన్లు! ఎక్కడ పెట్టాలో మాటల్లో చెప్పకుండా గుర్తులు కట్టి ఉంచిన బాబాయిగారి ముందుచూపుకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. నిచ్చెన వేస్తుంటే, అక్కడ సంచుల్లోకి మట్టి నింపుతున్న ఒకావిడ (అందరూ సంచులక్క అనేవారు) చెయ్యి ఆపి చూసింది.

"ఆ చెట్లకేనా బాబూ?"

"వాటికేనండి. ఎలా ఉన్నాయి?"

"ఎందుకు బాగోవూ? వచ్చినవాళ్లంతా వాటినే చూత్తారు" అని మళ్లీ మట్టి పనిలో పడిపోయింది.

మెచ్చుకుందనుకున్నాను. ఎందుకైనా మంచిదని ప్రతి చెట్టు దగ్గరా వైరు పది చుట్లు అదనంగా వదిలాను. సాయంత్రానికి బాబాయిగారి ఫోన్లోనూ, నా ఫోన్లోనూ నాలుగు బొమ్మలొచ్చాయి. ఆయన తన ఫోన్ చూసి "బావుంది" అన్నారు. బొమ్మ చూశారే గానీ, బొమ్మ ఎక్కణ్ణించి వస్తోందో చూడలేదు.

మూడో రోజు మధ్యాహ్నం నన్ను తీసుకెళ్దామని పెదనాన్న దిగారు. నెలాఖరు వచ్చేసింది. అన్నం తింటూనే గర్వంగా ఫోన్ తీసి, "చూడండి పెదనాన్నా, ఇక్కడ కూర్చుని అక్కడి నర్సరీ చూడొచ్చు" అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చూస్తుండగానే మొదటి బొమ్మలో నర్సరీ మెల్లగా ఓ పక్కకి ఒరిగింది. ఆఫీసు గది అడ్డంగా పడుకుంది. తర్వాత అంతా ఆకాశం. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. రెండో దాంట్లో ఎవరిదో మీసం దగ్గరగా వచ్చి వెళ్లింది, తర్వాత మళ్లీ ఆకాశం.

"మబ్బులు కూడా కాపలా కాస్తావేంట్రా?" అన్నారు పెదనాన్న.

చెయ్యి కడుక్కుని బండి తీస్తే, "ఈ వింత నేనూ చూడాలి" అని ఆయన వెనకెక్కారు. గోదావరి వంతెన మీద ఆయన నీళ్లు చూస్తూ కూర్చున్నారు. నాకు మాత్రం పురుగుమందు వాసన అక్కణ్ణించే మొదలైంది.

వెళ్లేసరికి నా నాలుగు చెట్లూ లారీ మీద వరసగా పడుకుని ఉన్నాయి. పక్కన క్రేను. చెట్టుకొకటి చొప్పున కెమెరాలు కాయల్లా వేలాడుతున్నాయి, తెగిన వైర్లతో సహా. లోడింగు మేస్త్రీ, "కొన్న పార్టీ వాళ్లు కెమెరాతో కలిపి ఆర్డరిచ్చారనుకున్నామండి" అన్నాడు. అప్పుడు తెలిసింది, నర్సరీలో చెట్టుకి ఎర్ర రిబ్బన్ కట్టారంటే అది అమ్ముడుపోయిందని. అసలవి నేలలో పాతుకున్న చెట్లు కావు, పెద్ద సంచుల్లో పెంచినవి. సంచుల్ని సగానికి మట్టితో కప్పేశారు. నేను పైకి చూశానే గానీ కిందకి చూడలేదు. సంచులక్క స్క్రూ చిల్లుల్లో తడి మట్టి కూరుతూ, "ఈ మానుకి గాయం మానదు బాబూ" అంది, తిట్టినట్టు కాకుండా, ఉన్న సంగతి చెప్పినట్టు.

బాబాయిగారు వచ్చి నిలబడ్డారు. పక్కన పెదనాన్న ఉన్నారని తెలిసీ చెప్పేశాను. "నాలుగేళ్లు కాదండి. మీదే మొదటి పని."

"తెలుసు బాబూ" అన్నారాయన, తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ. "పనొచ్చినవాడు రాగానే కరెంటు ఎక్కడుందని అడుగుతాడు. నువ్వు మంచినీళ్లు ఎక్కడున్నాయని అడిగావు."

"మరి ఎందుకు ఒప్పుకున్నారండీ?"

"పనొచ్చినవాళ్లు రెండు వారాల తర్వాత వస్తామన్నారు. నువ్వు ఆ పూటే వచ్చావు. ఇప్పుడు ఇనప స్తంభాలు తెచ్చి, గోతులు నువ్వే తవ్వి పాతు. అమ్ముడుపోనివి చూసి పెట్టు."

రెండు రోజులు తవ్వాను. చేతులు బొబ్బలెక్కాయి. లోతు చాలదని సంచులక్క ప్రతి గొయ్యీ రెండేసి సార్లు తవ్వించింది. వెళ్లిపోతారనుకున్న పెదనాన్న రెండో రోజు కూడా వచ్చి, సిమెంటు పోస్తుంటే స్తంభం కదలకుండా పట్టుకున్నారు. చివరికి నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇంత గొయ్యి తవ్వుకున్నాక దీంట్లోంచి నిన్నెవడు తీస్తాడు? ఉండు, ఇక్కడే ఉండు" అని, బాబాయిగారి దగ్గర మొక్కల మందులకి ఆర్డరు రాసుకుని జంగారెడ్డిగూడెం బస్సెక్కారు. ఆ రెండు రోజుల్లో వ్యాపారం చేసింది ఆయనొక్కరే.

కుండీల దొంగ మాత్రం ఇప్పటికీ దొరకలేదు. కుండీలు పోవడం అయితే ఆగింది. అది నా గొప్పో, దొంగకీ నాలాగే మోకాళ్ల నొప్పులొచ్చాయో తెలీదు. ఇప్పటికీ ఎక్కడైనా డ్రిల్లు ఆనించే ముందు "ఇది అమ్మరు కదండీ?" అని అడగందే నా చెయ్యి కదలదు. మొన్నొక మాస్టారు వాళ్ల ప్రహరీ గోడ దగ్గర అలాగే అడిగితే, ఆయన గోడ వంక, నా వంక చూసి లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చారు.

ఆ నాలుగు చెట్లు ఏ ఊరు వెళ్లాయో నేను కనుక్కోలేదు. ఏదో పెద్ద అపార్ట్‌మెంటు ముందు నిలబడి ఉంటాయి. నాలా ఎవడో ఒకడు వాటికెదురుగా కెమెరా పెట్టే ఉంటాడు. తెరమీద ఆ మానుల్ని చూసే వాచ్‌మన్‌కి, నిచ్చెనంత ఎత్తున ఉన్న ఆ రెండేసి చిల్లులు ఏంటో అర్థం కాదు. ఏం చెయ్యను, నేను కన్నేసిన మొదటి చోటు అదే. ఒంట్లో ఓపిక ఉన్న రోజుల్లో నేను పెట్టిన సంతకం అక్కడ మానకుండా ఉందని తలుచుకుంటే, నిచ్చెన దిగి కూర్చున్న ఆ కాసేపూ మోకాళ్ల సంగతి గుర్తుండదు. ఈలోగా ఫోనొస్తుందనుకోండి.