పెద్దమ్మ ఇచ్చేసిన చోటు

ఆఫీసుకు నా పేరు మీద ఫోను రావడం అదే మొదటిసారి. మాదాపూర్‌లోని మా కంప్యూటర్ల గదిలో అందరూ నా వైపు చూస్తుంటే తల వంచుకునే వెళ్ళి అందుకున్నాను. అవతల పెద్దమ్మ కూతురు శాంతక్క. "అమ్మ పోయిందే" అంది, అంతే. మా అమ్మకు అక్క, మూసాపేటలో ఎందరో పిల్లలకు అక్షరాలు దిద్దించిన ఎస్తేరమ్మ టీచరు, ఆ ఉదయం మొక్కలకు నీళ్ళు పోస్తూ ఒరిగిపోయింది. దవాఖానకు చేర్చేలోపే ప్రభువు పిలుచుకున్నాడు. ముందు రోజు సాయంత్రమే నాతో మాట్లాడిన మనిషి. ఆ సంభాషణ మధ్యలో ఆగిపోయినట్టే నాకు ఇప్పటికీ ఉంది.

భూస్థాపన నాడు అందరూ ఆమెను దానశీలి అన్నారు. నిజమే. కానీ ఆమె పుట్టుకతోనే అలాంటిదని ఎవరైనా అంటే ముందుగా నవ్వేది పెద్దమ్మే. ఒకప్పుడు చర్చిలో కోత పండుగకు పెరటి గుమ్మడికాయను కానుకగా తెచ్చి, ఆరాధన అయ్యాక జరిగే వేలంలో తానే తక్కువకు పాడుకుని తిరిగి ఇంటికి తీసుకుపోయిన మనిషి ఆమె. పెద్దనాన్న ఈ సంగతి చెప్పి ఏడిపించేవారు. "ఆ కాయ పులుసు రెండుసార్లు వడ్డించుకున్నది ఎవరో?" అని ఆమె ఎదురడిగేది.

పెద్దనాన్న మంచాన పడ్డ కాలంలో ఆమె మారడం మొదలైంది. స్త్రీల సమాజం వాళ్ళు వంతులవారీగా క్యారియర్లలో అన్నం పంపేవారు. పెద్దమ్మకు అది ప్రాణసంకటం. ఎవరికీ రుణపడకూడదని ప్రతి క్యారియరునూ కడిగి, అందులో చక్కెరో పప్పో పోసి తిరిగి పంపేది. ఒకనాడు మాత్రం ఉత్త క్యారియరే ఇచ్చి పంపింది. "తీసుకోవడం ఇవాళ వచ్చిందే నాకు. అది రానివాళ్ళకి ఇవ్వడం కూడా రాదు" అంది. ఆ తర్వాత క్రిస్మస్‌కు అంచు చిరిగిన చీరలు పంచే అలవాటు మానేసింది. "పనికిరానివి తీసెయ్యడం ఇల్లు ఊడ్చుకోవడమే. దాన్ని దానమంటే దేవుడు నవ్వుతాడు" అనేది. ఏటేటా ఆమె చెయ్యి కొంచెం కొంచెంగా తెరుచుకోవడం నేను చూశాను. విశ్వాసంలో ఎదగడమంటే ఏమిటో నాకు పుస్తకాలలో అంతగా తెలియలేదు, ఆమె చేతిని చూస్తే తెలిసింది.

పెద్దనాన్న పోయేనాటికే మన సమాధుల తోట దాదాపు నిండిపోయింది. ఆయన పక్కన తనకూ చోటు ఉంచాలని పెద్దమ్మ సంఘ పెద్దలతో పోరాడి ఒప్పించింది. ఆదివారం సాయంత్రాలు తల్లీకూతుళ్ళు అక్కడికి వెళ్ళి, సమాధి కడిగి, పక్కనున్న ఖాళీ నేల మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. ఒకసారి అక్క చెప్పులు విప్పకుండా కూర్చుంటే, "నా ఇంట్లోకి చెప్పులతోనా?" అని పెద్దమ్మ కసిరింది.

యేసోబు పాలమూరు నుంచి వచ్చిన కూలీ. మాదాపూర్‌లో లేస్తున్న పెద్ద భవనాల దగ్గర మట్టి మోసేవాడు. కొన్ని నెలలుగా భార్య సుందరమ్మతో మన ఆరాధనకు వచ్చి వెనక వరసలో కూర్చునేవాడు. సంఘంలో ఇంకా పేరు చేరలేదు. జ్వరం వచ్చి పోయాడు. సభ్యులకే చోటు చాలడం లేదని, సొంత ఊరికి తీసుకువెళ్ళడం మంచిదని పెద్దలు నచ్చజెప్పారు. సుందరమ్మ శవం పక్కనే కూర్చుని, "ఊర్ల మాకెవ్వరు లేరయ్యా. ఏడికి తోల్కపోవాలె?" అని అడిగింది. అప్పుడు పెద్దమ్మ లేచి, తన చోటు ఉంది కదా, అక్కడ పెట్టమంది. మళ్ళీ ఇంకో చోటు ఇవ్వలేమని, ఆలోచించుకోమని సంఘ పెద్ద హెచ్చరించారు.

"ఆలోచిస్తే ఇవ్వలేనండి" అంది పెద్దమ్మ.

శాంతక్కకు ఆ విషయం చెప్పలేదు. ఆదివారం వెళ్ళేసరికి తండ్రి పక్కన కొత్త మట్టి కనిపించింది. అక్కడే తల్లిని నిలదీసింది. "నువ్విచ్చింది నీ చోటు ఒక్కటే కాదమ్మా. రేపు మీ ఇద్దరి దగ్గరా నేనొచ్చి కూర్చునే చోటు" అంది. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్నారు గాని, కలిసి తోటకు వెళ్ళడం మానేశారు.

చనిపోయే ముందు రోజు సాయంత్రం నాతో మాట్లాడింది దీని గురించే. "ఇస్తే మనసు తేలికవుతుందంటారు. నాకు కాలేదే. మీ పెద్దనాన్నకు దూరంగా ఎక్కడ పడుకోవాలో అని భయంగా ఉంది. పిల్లనీ ఏడిపించాను" అంది. మరి మళ్ళీ అలాంటి పరిస్థితి వస్తే ఏం చేస్తావని అడిగాను. "ఇస్తాను. కాకపోతే ముందు శాంతకు చెప్తాను" అంది.

ఆమె పోయిన రోజు శాంతక్క పెద్దనాన్న సమాధిలోనే తల్లినీ ఉంచమని అడిగింది. అలాంటి పద్ధతి మన తోటలో లేదన్నారు. అంతలో సుందరమ్మ వచ్చి పెద్దమ్మ కాళ్ళ దగ్గర కూలబడింది. ఏడుపు ఆపుకుని అక్కతో, "మా ఆయన్ను తీసి ఏడనన్న పెట్టుండ్రి. అమ్మను ఆడ్నే పండబెట్టుండ్రి" అంది. సుందరమ్మే ఒప్పుకుంటోంది కాబట్టి అధికారుల అనుమతి అడిగి చూద్దామని సంఘ పెద్ద మెల్లగా అన్నారు. అందరం అక్క ముఖమే చూస్తున్నాం. ఆ చోటు అక్కకు ఎంత కావాలో అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు.

"వద్దు సుందరమ్మా" అంది అక్క. గొంతులో మెత్తదనం లేదు. "అమ్మ ఇచ్చింది నేను తీసుకుంటే, ఆమె నాతో మాట్లాడదు."

లింగంపల్లి దాటాక, రాళ్ళూ తుమ్మ చెట్లూ ఉన్న కొత్త తోటలో పెద్దమ్మను ఉంచాం. ఆ వరసలో ఆమెదే మొదటి సమాధి. ఇరుపక్కలా ఎవరూ లేరు. పక్క చోటు మీకు ఉంచమంటారా అని సంఘ పెద్ద అడిగితే, తన కోసం ఉంచమంది అక్క. గేటు దాకా వచ్చాక ఆగింది. ఆయన దగ్గరకు తిరిగి వెళ్ళి, "ఎవరికైనా అవసరం పడితే నన్నడగండి. నాకు చెప్పకుండా మాత్రం ఇవ్వొద్దు" అంది.

పెద్దమ్మ చేసింది సరైనదేనా అని ఈ కొద్ది రోజుల్లో నన్ను చాలామంది అడిగారు. నాకు తెలియదు. ఆ ప్రశ్న ఆమెనూ చివరిదాకా వేధించింది. ఆమె కంటే ఎక్కువ ఇచ్చేవాళ్ళు మన సంఘంలో ఇకముందు రావచ్చు. ఇచ్చిన తర్వాత భయపడి, ఆ భయాన్ని దాచుకోకుండా, అయినా మళ్ళీ ఇస్తానన్న మనిషిని మాత్రం నేను ఒక్కరినే చూశాను. ఆమెను మట్టికి అప్పగించి వచ్చాం. ఆ మట్టికి నా నమస్కారం.