నేను చదివిన రెండక్షరాలు

"ఏమ్మే, ఆ పొద్దు కొండకాడ బోర్డు మీద ఏమి రాసిండె?"

"ఇప్పుడెందుకయ్యా ఆ మాట? ఊరికే పండుకో."

మా ఆయనా నేనూ కడసారి మాట్లాడుకున్నది ఇంతే. ఆస్పత్రిలో, పొద్దున్నే. ఇడ్లీ తేవడానికి కిందికి పోయి వచ్చేసరికి ఆయన లేడు. ఏళ్ల తరబడి ఆయనకు చెప్పలేని సంగతిని ఇప్పుడు మా చెల్లెలి కూతురితో రాయిస్తున్నాను.

ఆయన కన్నడ సీమలో, పీణ్య ఫ్యాక్టరీల పేటలో, ఇనుము చెక్కే లేత్ మిషను మీద పని చేసేవాడు. తొంభైల చివర్లో ఒక ఆదివారం ఫ్యాక్టరీ వాళ్లు కుటుంబాలన్నిటినీ బస్సులో ఊరి బయట ఒక కొండకు తీసుకుపోయారు. కొండ చుట్టూ అడవిలో కాలిబాట, ఆ దారిలో రాతిగోడల పాత పల్లెలు మూడు. చుట్టు తిరిగి బస్సు దగ్గరికే రావాలి. పిల్లలు కూడా నడవగల దారే. మొదటి పల్లెలో పాత కోట వాకిలి నీడన అన్నాలు తినాలని అనుకున్నారు.

అందరి చిత్రాన్నం గిన్నె ఆయన తలమీద ఉంది. మాతో వచ్చిన పక్కింటి అవ్వ మెల్లగా నడుస్తుంది కాబట్టి మేం ముగ్గురం వెనకబడ్డాం. దారి రెండుగా చీలిన చోట కన్నడంలో బోర్డు ఉంది. ఆయనకు వేలిముద్రే. నేను అయిదు దాకా చదివానని పెళ్లప్పుడు అబద్ధం చెప్పాను. బడికి పోయింది ఒక్క ఏడాదే. నా చదువు గురించి ఆయన ఫ్యాక్టరీలో అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు.

"చదువు మే," అన్నాడు, గిన్నె బరువుకు మెడ తిప్పలేక.

కన్నడ అక్షరాలు మన అక్షరాల మాదిరే ఉంటాయి. కూడబలుక్కుంటే ముందు బ, తర్వాత ల దొరికాయి. బల అంటే కన్నడంలో కుడి. మిగతావి దొరకలేదు. ఇంకాసేపు నిలబడితే నా గుట్టు బయటపడుతుందని భయపడ్డాను.

"కుడిపక్కకు పొమ్మని రాసుండాది," అన్నాను.

అవ్వ కట్టె ఆనించి నిలబడిపోయింది. "అట్ల కాదే పిల్లా. కొండను ఎడమ పక్క పెట్టుకోని ఎవురన్నా తిరుగుతారా? గుడికాడ మాదిరి కుడిచేతి పక్కే ఉండాల."

"చదువు రానోళ్లు నోరు మూసుకోని రావాల అవ్వా. బోర్డు కంటే నీకు ఎక్కువ తెలుసునా?"

ఆయన నవ్వాడు. "మా ఆమె చదివిందంటే అంతేలే అవ్వా, పద."

కొంత దూరం పోయాక వానకు దారి కోసుకుపోయి పెద్ద గండి పడి ఉంది. వెనక్కి పోదామంటే తప్పు నాదవుతుంది. అందుకని అనలేదు. ఆయన అవ్వను వీపున మోసుకుని గండి దాటించాడు, మళ్లీ వచ్చి గిన్నె మోశాడు. వీపు మీంచి దించినప్పుడే అవ్వ కాలు బెణికింది. కొండంతా చుట్టి కోట వాకిలి చేరేసరికి పొద్దు వాలింది. పిల్లలు ఆకలికి ఏడ్చి ఏడ్చి నిద్రపోయారు.

సూపర్‌వైజరు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ఏమప్పా, 'బలక్కె హోగబేడి' అని అంత లావు రాసుండారు కదా, కుడిపక్క పోవద్దని! కండ్లు యాడ పెట్టుకుంటివి?"

ఆయన నావైపు ఒక్కసారి చూశాడు.

"తప్పు నాదే సార్. బోర్డు చూడకుండా ముందర నడిస్తిని."

అవ్వ కూడా నోరు విప్పలేదు. నేను తల వంచుకుని విస్తరాకులు పరిచాను.

మరుసటి రోజు నుంచి ఫ్యాక్టరీలో ఆయన పేరు రివర్స్ గేరు. "రివర్స్ గేరు ఉండాడా?" అని మా వాకిట్లోకే వచ్చి అడిగేవాళ్లు. వాళ్లతో కలిసి నేనూ నవ్వేదాన్ని. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత బస్సు బోర్డు కూడా నన్ను చదవమనలేదు, పక్కవాళ్లను అడిగేవాడు. ఆయనకు తెలిసిపోయింది. నా నోటితో నేనే చెబుతానని కాచుకున్నాడు. కడకు ఆస్పత్రిలో తానే అడిగితే, నేను పండుకో అన్నాను.

అవ్వ ఆ ఏడే కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. ఆమెను మన్నించమని అడగలేదు.

అవ్వతో నేనన్న మాట రాసేటప్పుడు నీ కలం ఆగింది పాపా, చూశాను. నా మీద జాలిపడి దాన్ని మెత్తగా రాశావేమో, చూసుకునే చదువు నాకు లేదు. మొదటి నుంచి గట్టిగా చదువు, వింటాను.