మెడ తునకల ఉపకారం

రాజ్యాలు ఎందుకు కూలాయో చరిత్రకారులు యుద్ధభూముల్లో వెతుకుతారు. పెద్దకత్తి రాజ్యం కూలిన కారణం మాత్రం మేకల మెడల్లో ఉంది. మాంసం కొట్టు యజమాని పెద్దకత్తికి, ఎవరూ కొనని మెడ తునకల్ని ఇంటికి తెచ్చి వేయించుకు తినే అలవాటు. పారేస్తే పాపమన్నది ఆయన అర్థశాస్త్రం.

ఓసారి రక్తపరీక్షలో కొలెస్టరాల్ ఆకాశాన్నంటింది. డాక్టరమ్మ కొవ్వు మానమంది. పెద్దకత్తి కొవ్వు మానేసి, ఆ లోటును రెట్టింపు మెడ తునకలతో పూడ్చుకున్నాడు. మళ్లీ పరీక్ష చేయిస్తే కొలెస్టరాల్ సగానికి దిగింది. ఆ కాగితాన్ని కొట్టు గోడకు, కొక్కేల మధ్య, బిరుదుపత్రంలా అంటించాడు.

అక్కణ్ణుంచి హింసాయుగం మొదలైంది. ఎముకలెక్కువ పడ్డాయన్న పాపానికి, కొనడానికొచ్చిన ఒకడి మూతి తొడ ఎముకతో పగలగొట్టాడు. పళ్లు తక్కెట్లో పడ్డాయి. తక్కెడ కూడా తనను వెక్కిరిస్తోందని దాన్ని నరికాడు. నిద్ర లేదు, ఒంటినిండా చెమట, గుండె దడ.

ఆ కొట్లో కత్తి ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే పెత్తనం. అది పెద్దకత్తికీ తెలుసు, పక్కన నిలబడి తూచే బావమరిదికీ తెలుసు.

"బావా, నీ చెయ్యి వణుకుతోంది. కొన్నాళ్లు కత్తి నాకియ్యి."

"నా చెయ్యి వణికితే నీ కళ్లెందుకురా మెరుస్తున్నాయి?"

"అక్క మొహం చూసి చెప్తున్నా. వేళ్లు తెగుతాయి."

కత్తి గాల్లోకి లేచింది. బావమరిది చెవి తమ్మెను కోసుకుంటూ పోయి తలుపులో దిగబడింది. నెత్తురోడుతూనే అతను మీదపడి బావ ముక్కు చితక్కొట్టాడు. ఇద్దరూ పేగుల బకెట్టును తన్నేసి, ఆ పేగుల్లోనే దొర్లారు. పెద్దకత్తి భార్య వచ్చి ఇద్దరి మీదా చన్నీళ్లు కుమ్మరించింది.

"కాస్త శుభ్రంగా చావండి. ఇక్కడ తినే సరుకు అమ్ముతున్నాం."

చెవికి కుట్లు వేశాక డాక్టరమ్మ పెద్దకత్తి నాడి పట్టుకుని ఉలిక్కిపడింది.

"ఏం తింటున్నావయ్యా?"

"మెడ తునకలమ్మా. గొంతుకి అంటుకుని ఎర్రగా ఉంటాయే, అవి."

"అది థైరాయిడ్ గ్రంథి. ఎంత వేయించినా అందులో హార్మోను చావదు. కొలెస్టరాల్‌ని దించింది, గుండెని తరిమింది, బుర్రకి నిప్పంటించింది."

"దించడమైతే దించిందిగా."

"గుండె జోలికి పోకుండా కొలెస్టరాల్ని మాత్రమే దించే మందును ఇలాంటి హార్మోనుతోనే చెయ్యాలని శాస్త్రజ్ఞులు ఏళ్లుగా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. నువ్వు నీ బావమరిది తలతో మొదలెట్టావు."

తునకలు మానేశాక వణుకు నెమ్మదిగా తగ్గింది. ఈలోగా కత్తి పట్టిన భార్య ముక్కలు సమంగా కొడుతోందని జనం ఎక్కువగా వస్తున్నారు. పెద్దకత్తి పొట్లాలు కడుతున్నాడు.