బస్సులో విన్న ఏడుపు పాట

పిల్లలూ, ఆ రోజు నేనెంత హడలిపోయానో మీకు ఫోన్‌లో చెప్పనేలేదు. కొత్తకోటలో మక్తల్ బస్సు ఎక్కాను. నా పక్కన ఓ ముసలావిడ, ఆవిడ మనవరాలు కూర్చున్నారు. బస్సు ఊరు దాటిందో లేదో, ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని రాగం తీసి ఏడవసాగింది.

"మమ్ముల ఇడిసి పోతివా నర్సమ్మా..."

నా గుండె ఝల్లుమంది. "ఎవరు పోయారమ్మా?" అంటూ ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

ఆవిడ టక్కున ఆపేసింది. "ఎవ్వలు పోలే అక్కా, ఫికర్ చెయ్యకు. మా పిల్లకు సావుల పాడే శోకం నేర్పుతున్న. నా తోటోళ్ళంత పోయిన్రు, ఇంక ఊర్ల ఎవ్వలకు రాదు."

మనవరాలు ఫోన్‌లో రికార్డు చేస్తోంది.

"ఇంట్లో నేర్పకూడదా?"

"సావు లేని ఇంట్ల శోకం తీస్తరా? కీడు గాదా! బస్సు ఎవ్వల ఇల్లు గాదు."

"మరి నా బస్సుకు కీడు గాదా అవ్వా?" అంది కండక్టరమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ఇంతకీ ఆ నర్సమ్మ ఎవరు?"

"పేరు లేకుంటె శోకం సాగదు అక్కా. వేరే మంది పేరు పెట్టి ఏడుస్తె ఊకుంటరా? గందుకే నా పేరే పెట్టుకున్న."

 ఆ పిల్ల ఫోన్‌లో రికార్డు ఆపేసింది.

"ఇగ నువ్వందుకో బిడ్డా," అంది ముసలావిడ. ఆ పిల్ల తన అవ్వ పేరెత్తి సన్నగా పాడింది.

"గొంతు దాస్తవేందే? నేను పోయిననాడు వాకిలి దాక ఇనబడాలె!"