రాజమండ్రిలో మెట్ల మీద జరిగిన క్లాసు

తిరువూరు నుంచి రాజమండ్రి వెళ్ళాలంటే బెజవాడ దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. దారిలో కష్టమేమీ లేదు. నాకు కష్టమైందల్లా సెలవు దొరకడమే.

నేను తిరువూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. చేరిన రోజు నుంచీ కాంట్రాక్టు మీదే ఉన్నాను. రాజమండ్రిలో గ్రంథపాలకుల వృత్తి నైపుణ్యాల మీద, ఉద్యోగావకాశాల మీద ఒకరోజు వర్క్‌షాపు పెడుతున్నారని వాట్సాప్‌లో కరపత్రం వస్తే, దాన్ని మా ప్రిన్సిపాల్‌కి చూపించి రెండు రోజులు సెలవు అడిగాను. ఆయన నవ్వారు. పుస్తకాలకు దుమ్ము దులపడానికి కూడా ట్రైనింగ్ ఇస్తారా అమ్మా అన్నారు. గదిలో ఉన్న లెక్చరర్లు కూడా నవ్వారు. వాళ్ళలో ఇద్దరి పరిశోధన వ్యాసాలకు కావాల్సిన సమాచారం వెతికి ఇచ్చింది నేనే. ఆ ఇద్దరూ నవ్వారు. సెలవు ఇచ్చారు గానీ, జీతం లేకుండా ఇచ్చారు.

అంతటితో ఆగినా సరిపోయేది. వచ్చే జూన్ నుంచి లైబ్రరీ హాలును కంప్యూటర్ ల్యాబ్‌లో కలిపేస్తామని, నన్ను అడ్మిషన్ల ఆఫీసులోకి మారుస్తామని అప్పుడే చెప్పారు. లైబ్రరీ సైన్సు చదివి, ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో, ఊళ్ళు తిరిగి పిల్లల తల్లిదండ్రులను బతిమాలే పని చేయాలన్నమాట. నా చదువుకు ఇంకెక్కడైనా చోటుందో లేదో తెలుసుకోకుండా ఆ కుర్చీలో కూర్చోకూడదని ఆ సాయంత్రమే అనుకున్నాను.

నాతోపాటు గంపలగూడెం శాఖా గ్రంథాలయంలో పనిచేసే కృష్ణకుమారి గారు కూడా బయలుదేరారు. ఆవిడది ప్రభుత్వోద్యోగం. ఒక్క మనిషికి రెండు ఊళ్ళ గ్రంథాలయాలు అప్పగించారు. వారంలో సగం రోజులు ఒకటి తెరిస్తే రెండోది మూసి ఉంటుంది. మూసిన రోజు వచ్చిన పాఠకులు ఆవిడనే తిడతారు. ఏ హోదాలో ఉద్యోగంలో చేరారో ఇప్పటికీ అదే హోదా. ఆవిడ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. షేర్ ఆటోలో వచ్చి తిరువూరు బస్టాండులో దిగి, నన్ను చూసి, పులిహోర తెచ్చాను ఝాన్సీ అని మాత్రం అన్నారు.

మధ్యాహ్నం రెండింటి ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. ఆడవాళ్ళం కాబట్టి ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు కండక్టరు. ఎ.కొండూరు దాటేదాకా నిలబడే ప్రయాణం. మామిడికాయల సీజను మొదలైంది. రెడ్డిగూడెం తోటల్లో కాయలు ఏరి పెట్టెల్లో సర్దే పనికి వెళ్తున్న ఆడవాళ్ళు బస్సు నిండా ఉన్నారు. వాళ్ళు మైలవరంలో దిగి వేరే బండి ఎక్కుతారట. వాళ్ళలో ఒకామె తన పక్కన కాస్త చోటిచ్చి, ఏం ఉద్యోగం చేస్తావని అడిగింది. లైబ్రరీ అంటే ఆమెకు వెంటనే అందలేదు.

"చదువుకునే పనా, చదివించే పనా?" అంది.

"రెండూనమ్మా."

"అయితే నీడపట్టున కూర్చుని చేసే పనే. మంచిదే," అంది ఆమె. మా ప్రిన్సిపాల్ మాట కన్నా ఆ మాటలోనే మర్యాద ఎక్కువుంది.

నాలుగున్నరకు బెజవాడ చేరాం. స్టేషన్ దగ్గరే అయినా ఆటో ఎక్కి, టీ తాగి, రైలు అందుకున్నాం. పగటి రైళ్ళలో రిజర్వేషన్ లేకపోతే కూర్చోవడం కష్టం. వెళ్ళదలచుకున్నవాళ్ళు నాలుగు రోజుల ముందే చేయించుకోండి. ఏలూరు దాటాక పులిహోర తిన్నాం. గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి బాగా చీకటి పడింది. నది కనిపించలేదు, వంతెన చప్పుడు మాత్రం వినిపించింది.

వసతి ఉంటుందని కరపత్రంలో రాశారు. స్టేషన్ నుంచి ఫోన్ చేస్తే, వసతి రెగ్యులర్ ఉద్యోగులకేనని, కాంట్రాక్టు వాళ్ళు సొంతంగా చూసుకోవాలని అటువైపు మనిషి చెప్పాడు. ఆ మాట కరపత్రంలో ఎందుకు రాయలేదని అడిగితే పెట్టేశాడు. కృష్ణకుమారి గారికి హాస్టల్లో మంచం ఉంది. ఆవిడ అక్కడికి పోలేదు. ఇద్దరం గోదావరి గట్టు దగ్గర ఒక సత్రంలో గది తీసుకున్నాం. గది శుభ్రంగానే ఉంది, ఫ్యాను మాత్రం తిరిగినంతసేపూ మూలిగింది. నేను విసుక్కుంటూంటే, "పడుకో ఝాన్సీ. రేపు మన అవసరం వినేవాళ్ళు ఉంటారులే," అన్నారు ఆవిడ.

మర్నాడు తొమ్మిదిన్నరకే హాలుకు చేరుకున్నాం. మూడు జిల్లాల నుంచి లైబ్రేరియన్లు వచ్చారు. మాలో సగానికి పైగా ఆడవాళ్ళం. పేరు రాయించుకుని లోపలికి వెళ్ళబోతుంటే కన్వీనర్ గారు ఎదురొచ్చారు. మంచి చీరలు కట్టుకున్నవాళ్ళు నలుగురైదుగురు ఇటు రండమ్మా అని పిలిచి, పూలపళ్ళాలు మా చేతుల్లో పెట్టారు. ముఖ్య అతిథి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడాలట. మగ లైబ్రేరియన్లు వెళ్ళి కుర్చీల్లో కూర్చున్నారు. పళ్ళెం పట్టుకోవడం నేను రాజమండ్రి వచ్చి నేర్చుకోవాల్సిన విద్య కాదని నోటిదాకా వచ్చింది. వచ్చీ రాగానే గొడవెందుకని ఊరుకున్నాను. అలా ఊరుకుని ఎండలో గంటన్నర నిలబడ్డాం.

ముఖ్య అతిథి పదకొండు దాటాక వచ్చారు. దీపం వెలిగించడం, శాలువాలు, జ్ఞాపికలు, ఒకరినొకరు పొగుడుకోవడం అయ్యాక ఆయన మైకు అందుకున్నారు. జేబులోంచి ఫోన్ తీసి పైకెత్తి చూపించి, లైబ్రరీ ఇప్పుడు ఇందులో ఉంది, మీరు మారకపోతే మిమ్మల్ని కాలం మార్చేస్తుంది అన్నారు. మీలో తపన లేదు, అందుకే మీకు అవకాశాలు రావడం లేదు అన్నారు. ముందువరసలోని వాళ్ళు చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్న కృష్ణకుమారి గారి చేతులు ఒళ్ళో కదలకుండా ఉన్నాయి. రెండు ఊళ్ళ తాళాలు మోసుకు తిరిగే ఆవిడకు తపన లేదట.

మేమంతా ఎదురుచూస్తున్నది పన్నెండింటి ప్రసంగం కోసం. ఉద్యోగావకాశాల మీద మాట్లాడాల్సిన పద్మజ గారు ఒక వైద్య కళాశాలలో లైబ్రేరియన్. తొమ్మిదేళ్ళు కాంట్రాక్టు మీద పనిచేసి, దూరవిద్యలో పై చదువు చదివి, పోటీ పరీక్ష రాసి ఆ ఉద్యోగం తెచ్చుకున్నారని కరపత్రంలో ఉంది. నేను ఇంత దూరం వచ్చింది ఆ రెండు వాక్యాలు చదివే. ఆవిడ కాగితాలు చేతిలో పట్టుకుని వేదిక పక్కన పొద్దుటి నుంచీ కూర్చునే ఉన్నారు.

ఒంటిగంట కావస్తుండగా కన్వీనర్ గారు మైకు దగ్గరికి వచ్చి, సమయాభావం వల్ల పద్మజ గారి ప్రసంగం రద్దు చేస్తున్నామని, ఆవిడ పేపరు వాట్సాప్‌లో పంపుతామని, అందరూ భోజనాలకు లేవాలని చెప్పారు. పద్మజ గారు కాగితాలు సంచిలో పెట్టుకున్నారు. కుర్చీలు జరుగుతున్నాయి. నేను లేచి నిలబడ్డాను. నిలబడ్డాక గానీ నాకు తెలియలేదు, నేను భోజనానికి లేవలేదని.

ఆ ప్రసంగం కోసమే మేము వచ్చామని, దాన్ని తీసేస్తే వర్క్‌షాపులో మిగిలిందేమీ లేదని చెప్పాను. కన్వీనర్ గారు చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు.

"కూర్చోండమ్మా. భోజనాలు చల్లారిపోతాయి."

"భోజనం మా ఊళ్ళోనూ దొరుకుతుందండి," అన్నాను. "ఆవిడ చెప్పే మాటే మా ఊళ్ళో దొరకదు. సన్మానాలకు ఉన్న టైము దానికెందుకు లేకుండా పోయింది?"

ముఖ్య అతిథి గారు ఫోన్ చూసుకుంటున్నారు. వెనక వరసల్లో కొంతమంది, అవునండి, చెప్పనివ్వండి అన్నారు. కన్వీనర్ గారి ముఖం ఎర్రబడింది. హాలు తాళం వేయాలి, అందరూ బయటికి నడవండి అన్నారు. నిజంగానే లైట్లు ఆర్పించారు. ముప్ఫై దాటిన, నలభై దాటిన, ఉద్యోగాలు చేసుకుంటున్న మనుషులను బడిపిల్లల్లా చీకట్లోంచి బయటికి తోలడం నేను మొదటిసారి చూశాను.

వరండాలో పద్మజ గారు నా దగ్గరికి వచ్చారు. మీరు తినకుండా ఉండగలిగితే నేను చెప్పగలను అన్నారు. భవనం వెనక వైపు మెట్లున్నాయి, నీడ ఉంది. మేం కూర్చున్నాం. ఒకరిని చూసి ఒకరు వచ్చారు. చూస్తూండగానే మెట్లన్నీ నిండిపోయి, కొందరు చెప్పులు విప్పి వాటి మీదే కూర్చున్నారు. పళ్ళాల్లో అన్నం పెట్టుకుని వచ్చి నిలబడి విన్నవాళ్ళూ ఉన్నారు.

ఆవిడ మైకు లేకుండా గంటసేపు మాట్లాడారు. ఆసుపత్రుల్లో, కోర్టుల్లో, టీవీ ఛానళ్ళలో, పెద్ద కంపెనీల్లో మా పని తెలిసినవాళ్ళు కావాలని, అయితే ఆ ప్రకటనల్లో లైబ్రేరియన్ అన్న మాట ఉండదు కాబట్టి మనం వాటిని దాటుకుని పోతున్నామని చెప్పారు. ఎలాంటి పేర్లతో వెతకాలో చెప్పారు. పాత పత్రికలను, తాటాకు గ్రంథాలను కంప్యూటర్లోకి ఎక్కించే పనులు ఎక్కడ నేర్పుతారో, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో చిన్న లైబ్రరీని కూడా ఎలా కంప్యూటరీకరించవచ్చో ఫోన్‌లో చూపించారు. ఏ చదువుకు దూరవిద్య చెల్లుతుందో, దేనికి చెల్లదో విడమరిచి చెప్పారు. ముప్ఫై ఎనిమిదేళ్ళకు ఆలస్యమైపోయిందా అని అడిగాను. తాను ఉద్యోగం తెచ్చుకునేటప్పటికి నలభై ఒకటి అన్నారు.

ఆ తర్వాత ఆవిడ అన్న మాట నేను పొల్లుపోకుండా ఇక్కడ రాస్తున్నాను.

"నేర్చుకోవడం మన పని. ఖాళీలు నింపడం వాళ్ళ పని. మీరు నేర్చుకోలేదు కాబట్టే పోస్టులు లేవని ఎవరైనా అంటే, ఎంత పెద్దవాళ్ళు అన్నా సరే, నమ్మకండి. నాలాంటి ఒక్క మనిషిని వేదికెక్కించి మిగతా అందరి నోళ్ళూ మూయిస్తారు. నా కథని అందుకు వాడుకోనివ్వకండి."

అప్పుడు, ఎప్పుడూ పెదవి విప్పని కృష్ణకుమారి గారు తన రెండు ఊళ్ళ సంగతి చెప్పారు. ఆవిడ తర్వాత ఇంకొకరు చెప్పారు, ఇంకొకరు. ఖాళీలు నింపమని ప్రభుత్వానికి మూడు జిల్లాల వాళ్ళం కలిసి ఒక అర్జీ తయారు చేయాలని అక్కడే అనుకున్నాం. రాసే పని నాకు అప్పగించారు.

భోజనాలయ్యాక హాలు మళ్ళీ తెరిచి సర్టిఫికెట్లు పంచారు. నా పేరు పిలవలేదు. వెళ్ళి అడిగితే, కాంట్రాక్టు వాళ్ళను మర్యాద కోసం రానిచ్చామని, సర్టిఫికెట్లు రెగ్యులర్ వాళ్ళకేనని కన్వీనర్ గారు అన్నారు. పొద్దున పూలపళ్ళెం నా చేతిలో పెట్టేటప్పుడు నేను రెగ్యులరో కాదో ఆయన అడగలేదు. ఆ మాటే అన్నాను. ఆయన ఇంకొకరి పేరు పిలిచారు.

కృష్ణకుమారి గారు అప్పటికే తన సర్టిఫికెట్ అందుకుని ఉన్నారు. "నీకు ఇవ్వకపోతే నాకూ వద్దు ఝాన్సీ. టేబుల్ మీద పెట్టేసి వస్తా," అన్నారు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను. అది చూపించకపోతే ఆవిడకు ఆ రెండు రోజులూ డ్యూటీగా లెక్కపడవు. ఆయనకు పోయేదేమీ లేదు అక్కా, నష్టపోయేది మీరే అన్నాను. ఆవిడ దాన్ని సంచిలో పెట్టుకున్నారు గానీ, స్టేషన్ దాకా నా వైపు చూడలేకపోయారు. సిగ్గుపడాల్సినవాళ్ళు ఎక్కడో ఉంటే ఈవిడ సిగ్గుపడటం చూసి నాకు ఇంకా మండింది.

నాలుగింటి రైలు పట్టుకుని, ఏడు దాటాక బెజవాడలో తిరువూరు బస్సు ఎక్కాం. కృష్ణకుమారి గారు కిటికీకి తల ఆనించి నిద్రపోయారు. మా వెనక సీటులో తిరువూరులో బట్టల కొట్టున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. మాటల్లో ఎక్కడికెళ్ళి వస్తున్నారమ్మా అని అడిగారు. చెప్పాను. లైబ్రరీ వాళ్ళకు ట్రైనింగెందుకండి, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడమేగా అన్నారు. ఆయన గొంతులో వెటకారం లేదు, నిజంగానే తెలియదు. ఇన్నేళ్ళూ ఇలాంటి మాటకు నవ్వేసి ఊరుకున్నాను. ఆ సాయంత్రం ఊరుకోలేదు. కొండపల్లి నుంచి మైలవరం దాకా, మెట్ల మీద విన్నదంతా ఆయనకు చెప్పాను. ఆయన అడ్డం రాకుండా విన్నారు.

చివరికి, "మా కోడలు ఆ కోర్సే చదివిందండి," అన్నారు. "పెళ్ళికి ముందు. దానికి ఉద్యోగాలుండవని మేమే అనుకున్నాం. ఇప్పుడు కొట్లో బిల్లులు కొడుతోంది. మీ నంబరు ఇవ్వండి, నేను ఒకసారి కనుక్కుంటాను."

"మీరు కనుక్కోవద్దండి. ఆమెనే ఫోన్ చేయమనండి," అని నంబరు ఇచ్చాను.

ఈ ప్రయాణం గురించి చెప్పమంటే నేను చెప్పేది ఇదే. మా పనికి గౌరవం లేదని వినడం అలవాటే. మా అభివృద్ధి పేరు పెట్టి, మమ్మల్నే గుమ్మం దగ్గర నిలబెట్టి, మాకు పనికొచ్చే ఒక్క మాటనూ సమయం లేదని తీసేయడం మాత్రం రాజమండ్రిలోనే చూశాను. ఇలాంటి వర్క్‌షాపులకు మీరూ వెళ్ళండి, మానకండి. పళ్ళాలు పట్టుకోవద్దు. కార్యక్రమంలో మీకు కావలసిన ప్రసంగం ఏదో ముందే గుర్తు పెట్టుకుని, అది జరిగేదాకా లేవకండి. హాలు తాళం వేస్తే బయట మెట్లుంటాయి.

తొమ్మిది దాటాక తిరువూరు బస్టాండులో దిగాం. కృష్ణకుమారి గారి కోసం వాళ్ళాయన బండి మీద వచ్చి ఉన్నారు. ఆవిడ బండి ఎక్కుతూ, అర్జీలో మొదటి సంతకం తనదే పెట్టించాలని చెప్పి వెళ్ళారు. నేను ఇల్లు చేరి చెప్పులు విప్పుతుండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు. అవతల ఒక అమ్మాయి గొంతు తగ్గించి, "మా మామయ్య గారు మీ నంబరు ఇచ్చారండి. ఇప్పుడు మాట్లాడొచ్చా?" అంది.