నెలకో ఆయుధపూజ

పొద్దున ఆరూ నలభైకి దిగాను. జనవరి. మంచు. గూడూరు నుంచి వచ్చిన బస్సు నన్ను దించేసి ఆ తెల్లదనంలోకి వెళ్ళిపోయింది. రోడ్డుకి రెండు పక్కలా సరుగుడు తోపు. తూర్పున సముద్రం ఉందని చెవికి తెలుస్తోంది, కంటికి తెలియడం లేదు. నా దగ్గర ఒక ట్రంకుపెట్టె, ఒక హోల్డాల్, టార్చి, నోటుబుక్కు, పదిహేడేళ్ళ ఆర్మీ సిగ్నల్స్ సర్వీసు ఉన్నాయి.

మంచుకొండల్లో ఏం చేశావు, ఎడారిలో ఏం చేశావు అని మా ఊరు బిట్రగుంటలో అందరూ అడుగుతారు. చెప్తాను. కానీ నా కలల్లోకి వచ్చేది ఆ పోస్టింగులు కావు. యూనిఫాం విప్పేశాక చేసిన ఈ పదకొండు నెలలే. రొయ్యపిల్లల్ని పుట్టించి చెరువుల వాళ్ళకి అమ్మే హ్యాచరీ అది. గేటుకి అర కిలోమీటరు దూరంలో సముద్రం.

ఓనరుది బుచ్చిరెడ్డిపాలెం. వరి పండించే ఇంట్లో పుట్టి రొయ్యల్లోకి దిగిన మనిషి. కాఫీ ఇచ్చి, ఒక ఉత్తరం నా ముందు పెట్టాడు.

"దొంగలు గోడ దూకి రావడంల్యా హవల్దారు గారూ. వైర్లో వస్తుండారంట."

హ్యాచరీని నడిపే కంట్రోల్ ప్యానెల్ అమ్మిన కంపెనీ రాసిన ఉత్తరం అది. పరాయి దేశపు సర్కారే జీతాలిచ్చి పెట్టుకున్న హ్యాకర్లు ఇలాంటి ప్యానెళ్ళ మీద పడుతున్నారు, జాగ్రత్తపడండి అని ఉంది. సర్కారు పంపించిన వాళ్ళంటే మిలిటరీ లాంటివాళ్ళే కదా, మిలిటరీకి మిలిటరీ మనిషిని పెడితే సరిపోతుందని ఆయన లెక్క.

"నా మీసం చూసి జడుసుకోవడానికి వాళ్ళు గేటు దాకా రారు సార్" అన్నాను.

"మరేం చేయాల?"

"ముందు నన్ను తిరగనియ్యండి."

ఆరు రోజులు తిరిగాను. కొత్త పోస్టుకి వెళితే ముందు నేల చూడాలి, తర్వాతే తుపాకీ. ఇక్కడ నేలంటే వైర్లు. ప్రతి వైరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చేత్తో తడుముతూ నడిచి నోటుబుక్కులో గీసుకున్నాను. కాళ్ళకి గంబూట్లు, ముక్కులో క్లోరిన్ వాసన. షెడ్డులో పిల్లల ట్యాంకులు ఆరు. దాని వెనక తల్లిరొయ్యల గది. ఆ గదిలో పగలంతా చీకటి చేసి, రాత్రంతా దీపాలు వేస్తారు. అలా చేస్తే తల్లులు మన పనివేళల్లో గుడ్లు పెడతాయి. పన్నెండు గంటల ఎండలోంచి ఆ గదిలోకి అడుగుపెడితే అర్ధరాత్రి. నీళ్ళు కదిలే చప్పుడు, గాలిబుడగల గుసగుస. అక్కడ నిలబడితే నేనెవరో, ఏ సంవత్సరమో కాసేపు మరిచిపోయేవాణ్ణి. నాకు అది హాయిగా ఉండేది.

అన్ని ట్యాంకులకీ గాలి ఒకటే బ్లోయరు నుంచి వస్తుంది. ఆ గాలిని, నీళ్ళని, వేడిని ప్యానెల్ చూసుకుంటుంది. వాల్వులు కూడా అదే తెరుస్తుంది, అదే మూస్తుంది. ప్యానెల్ నుంచి ఒక వైరు ఆఫీసు వైఫైకి, ఇంకొకటి గేటు కెమెరాకి, మరొకటి ఎందుకున్నదో ఎవరికీ తెలియదు. ప్యానెల్ తలుపు లోపల చిన్న కాగితం. దాని మీద పాస్‌వర్డ్, ఫ్యాక్టరీలో పెట్టిందే, నాలుగు ఒకట్లు. కాగితానికి పసుపు, కుంకుమ బొట్టు.

"ఇదేంది?" అని ప్యానెల్ ఇంజనీరుని అడిగాను. కుర్రాడే. ఆ వ్యవస్థంతా రెండేళ్ళు కూర్చుని కట్టినవాడు.

"ఆయుధపూజకి బొట్టు పెట్టినారన్నా. పూజ చేసిన కాయితం మార్చబాకండి, కలిసిరాదని ఓనరు గారి అమ్మగారు చెప్పినారు."

నాకు నవ్వొచ్చింది, భయం కూడా వేసింది. ఆ కాగితాన్ని భక్తిగా తీసి, తీసుకెళ్ళి ఆవిడ పూజగదిలో దేవుడి పటం కింద పెట్టాను. పాస్‌వర్డ్ మార్చించాను. ఎందుకున్నదో తెలియని వైరు పీకించాను. ఆఫీసు వైఫైకీ ప్యానెల్‌కీ తెగతెంపులు చేయించాను. ప్యానెల్ ప్రోగ్రాం కాపీ ఒకటి ఏ వైరూ తగలకుండా బీరువాలో పెట్టించాను. కంపెనీ నుంచి మాట్లాడుతున్నామని ఎవరు ఫోన్ చేసినా పెట్టేసి, మనకి ముందే తెలిసిన నంబరుకి మనమే తిరిగి చేయాలని ఆర్డరు వేశాను.

ఒక్కచోట మాత్రం ఓడిపోయాను. ఓనరు నెల్లూరులో ఇంట్లో కూర్చుని ఫోన్లో తన ట్యాంకులు చూసుకునేవాడు. పడుకోబోయే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి.

"అదొక్కటి వదిలెయ్యి హవల్దారు గారూ. పసిబిడ్డల్ని చూసుకున్నట్టు ఉంటాది నాకు."

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం మెత్తబడింది. నేనూ మెత్తబడ్డాను. ఆయన ఫోను కోసం ప్యానెల్‌కి ఇంటర్నెట్ వైరు ఒకటి ఉంచాను, ఒక్క వైరే కదా అనుకున్నాను. ఆ తప్పు నాది, ఇప్పటికీ నాదే.

ఆయుధపూజ సంగతి మాత్రం నాకు పనికొచ్చింది. ఆ రోజు ప్యానెల్‌కి గంటసేపు విశ్రాంతి ఇస్తారట. ఆ గంట డీజిల్ ఇంజను చూసే మస్తాన్ దాంతో పాత బ్లోయరు నడుపుతాడు. ఆడవాళ్ళు చేత్తో వాల్వులు తిప్పుతారు. ఏడాదికి ఒక్కరోజు. నేను నెలకొకసారి చేయమన్నాను. చీకటి గదిలో దీపం వేయకుండా చేయమన్నాను, ఎందుకంటే ఉన్నట్టుండి వెలుతురు పడితే తల్లులు బెదిరి ఎగిరి గోడలకి కొట్టుకుంటాయి. అందరికీ ఇచ్చిన వాకీటాకీ సెట్టులో "ఆయుధపూజ" అని రెండుసార్లు వినిపిస్తే ఎవరి వాల్వు దగ్గరికి వాళ్ళు పోవాలి.

"నెలకో దసరా వచ్చిందిమే మనకి. గుమ్మడికాయ ఎప్పుడు కొడతారో ఏందో" అని ఆడవాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకుని నవ్వుకున్నారు.

ఇంజనీరు మాత్రం నవ్వలేదు. "స్క్రీన్లో అంతా కనపడతా ఉంటే మళ్ళీ చేత్తో ఎందుకన్నా? నా పని మీద నమ్మకంల్యా?"

"పోస్టు నుంచి 'అంతా క్షేమం' అని మాట వస్తే, ఆ మాట చెప్పింది మనవాడేనా అని అడుగుతాం అబ్బయ్యా. మనవాడి మీద నమ్మకం లేక కాదు."

పిల్లల ట్యాంకులు మేరీ అక్కవి. పేరుకి సెక్షన్ ఇన్‌చార్జి. వయసులో నాకంటే చిన్నదే అయినా హ్యాచరీ మొత్తానికీ ఆమె అక్కే. అంతకుముందు తడ దగ్గర కుట్టు కంపెనీ హాస్టల్లో మూడేళ్ళు ఉంది. కూతురు ఇక్కడ, తను అక్కడ. ఈ ఉద్యోగం దొరికాక ఇంక నిన్ను వదిలి పోనని బిడ్డకి మాటిచ్చింది. తల్లిరొయ్యలు పోతే హ్యాచరీ మూతపడుతుంది, మూతపడితే ఆమె మళ్ళీ ఆ హాస్టల్‌కి పోవాలి. ఈ సంగతి ఆమే నాకు చెప్పింది, బేసిన్ కడుగుతూ, నా వైపు చూడకుండా.

ఆ బేసిన్ గురించి చెప్పాలి. తెల్లది. దాంట్లో ట్యాంకు నీళ్ళు ముంచి, చేత్తో గిర్రున తిప్పి వదిలేస్తుంది. సత్తువ ఉన్న పిల్లలు నీటికి ఎదురీదుతాయి. లేనివి కొట్టుకుపోయి నడిమధ్యన కుప్పపడతాయి. రోజుకి నాలుగుసార్లు, ప్రతి ట్యాంకుకీ చూస్తుంది. మీటర్లు వచ్చాక ఇంక అక్కర్లేదని ఇంజనీరు అనేవాడు. "నా తృప్తి కోసంలే అబ్బయ్యా" అనేది.

వేసవి వచ్చింది. మధ్యాహ్నాలు ఇసుక మీద గాలి మరిగేది. బ్లోయరు రొద నా నిద్రలో కలిసిపోయి, అది లేకుండా నిద్రపట్టని స్థితికి వచ్చాను. ఏ రోజు ఏదో గుర్తుండేది కాదు. ఇంత ప్రశాంతమైన పోస్టుకి నేనెందుకు అని కూడా అనిపించింది.

ఆదివారం. పదకొండూ పది. సగం మంది చర్చిలో ఉన్నారు, మిగతావాళ్ళు వంటల దగ్గర. నేను తల్లిగదిలో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. గదిలో ఎప్పుడూ వినిపించే గుసగుస పలచబడినట్టు అనిపించింది. నా చెవుల భ్రమ అనుకున్నాను, ఎందుకంటే బ్లోయరు మోగుతూనే ఉంది. అప్పుడే సెట్టు పలికింది.

"అబ్బయ్యా, స్క్రీన్ ఏమంటుండాది?" మేరీ అక్క గొంతు. పొద్దుటి ప్రార్థన ముగించుకుని నేరుగా ట్యాంకుల దగ్గరికి వచ్చినట్టుంది.

"అంతా పచ్చే అక్కా. గాలి బ్రహ్మాండంగా ఉండాది" అన్నాడు ఇంజనీరు.

"పచ్చ లేదు పాడూ లేదు. మూడో ట్యాంకులో పిల్లలు నడిమధ్యన కుప్పబడతుండాయి. రెండుసార్లు తిప్పినా."

"మీటరు చూపించడంల్యా అక్కా!"

"నేను చూపిస్తుండా గదా!"

ఆమె మాట నమ్మాలా, మీటరు మాట నమ్మాలా? నేను బటన్ నొక్కాను.

"ఆయుధపూజ. ఆయుధపూజ. అబ్బయ్యా, ప్యానెల్ వైరు పీకెయ్."

"అన్నా, బాగున్నదాన్ని పీకితే—"

"పీకు. తప్పయితే నా మీద వేసుకుంటా."

పీకాడు. తర్వాత చూస్తే వాల్వులు ఒక్కొక్కటే మూసుకుపోయి ఉన్నాయి. బ్లోయరు తిరుగుతూనే ఉంది, గాలి ఎక్కడికీ పోవడం లేదు. స్క్రీన్ మీద మాత్రం నిన్నటి మంచి అంకెలే తిరుగుతున్నాయి. ఎవరో దూరదేశంలో కూర్చుని, మా చేతులు కట్టేసి, మా కళ్ళకి నిన్నటి రోజు చూపిస్తున్నారు.

మస్తాన్ డీజిల్ ఇంజను స్టార్ట్ చేశాడు. వంటల దగ్గరి ఆడవాళ్ళు తడిచేతులతో పరిగెత్తుకొచ్చారు. తల్లిగదిలో దీపం వేయలేదు. ఆ చీకట్లో నాకు కనిపించింది ఒక్క తెల్లచీరే. మేరీ అక్క చర్చి చీర, నడుము దాకా తడిసిపోయింది. మిగతావాళ్ళు గాజుల చప్పుడుగా మాత్రమే ఉన్నారు. ఏ వాల్వు ఎక్కడుందో వాళ్ళ చేతులకి తెలుసు. "ఒకటి తెరిచినా." "నాది తెరిచినా." "నాలుగు బిగుసుకోనుండాది, ఇట్టా రండి ఎవురన్నా." మెల్లగా నీళ్ళు గుసగుసలాడటం మొదలుపెట్టాయి.

పన్నెండుకి ఐదు నిమిషాలుండగా అన్నీ తెరుచుకున్నాయి. తల్లులు బతికాయి. మూడో ట్యాంకు మొత్తం పోతుందనే అనుకున్నాం.

సాయంత్రానికి ఓనరు వచ్చాడు. అంతా విని తలుపు మూశాడు. "ఈ మాట గేటు దాటకూడదు. తెలిస్తే నా దగ్గర రొయ్యపిల్లల్ని ఎవురు కొంటారు?"

"దెబ్బ తగిలిన పోస్టు వెనక్కి మాట పంపకపోతే, పక్క పోస్టు చస్తుంది సార్" అన్నాను.

మూసిన తలుపు ఆయనే తెరిచాడు. తర్వాత ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. "ఎవురికి చెప్పాలో నువ్వే చెప్పు."

ఇలాంటి హ్యాకింగు కేసులు చూసే సర్కారు ఆఫీసు నుంచి ఒక అధికారిణి వచ్చింది. రెండు రోజులు ప్యానెల్ ముందు కూర్చుంది. దారి దొరికింది. ఓనరు ఫోన్లో ట్యాంకులు చూసుకునే ఆ ఒక్క వైరే. ఇంజనీరు నా ముఖం చూడలేదు, నేను ఓనరు ముఖం చూడలేదు.

"మా రొయ్యలతో వాళ్ళకేం పగ మేడం?" అన్నాడు ఓనరు.

"మీ రొయ్యలు వాళ్ళకి అక్కర్లేదండి. ఇదే ప్యానెల్ ఊళ్ళకి తాగునీళ్ళిచ్చే పంపుల దగ్గర కూడా ఉంది. అక్కడ చేయబోయేది ముందు ఇక్కడ చేసి చూసుకున్నారు. మీరు చెప్పారు కాబట్టి ఆ పంపుల వాళ్ళకి ఈ రోజే కబురు పోతుంది."

ఏ దేశమని అడిగాను. ఆమె టీ తాగి గ్లాసు పక్కన పెట్టి, అది తను చెప్పకూడదంది. ఓనరు మాత్రం ఆమె జీపు దాకా వెళ్ళి దండం పెట్టాడు. తిరిగొచ్చి, "ఆ వైరు కూడా తీసెయ్ హవల్దారు గారూ. చూడాలంటే బస్సెక్కి వస్తా" అన్నాడు. వచ్చేవాడు కూడా, రోజు మార్చి రోజు.

డిసెంబరులో నా కాంట్రాక్టు అయిపోయింది. బయల్దేరేటప్పుడు ఇంజనీరు నా ట్రంకు మోశాడు. నేను వెళ్ళాక కూడా నెలనెలా ఆయుధపూజ తనే చేయిస్తానన్నాడు. ఈసారి గుమ్మడికాయ కూడా కొడతానన్నాడు. మేరీ అక్క కూతురు గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపింది.

బిట్రగుంటలో ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. బ్లోయరు రొద లేక మొదటి వారం నిద్ర పట్టలేదు. "మిలిటరీలో చేసొచ్చి రొయ్యలకి కాపలా కాసినావంటనే!" అని స్నేహితులు నవ్వారు. నేనూ నవ్వాను.

నిద్రపట్టాక మాత్రం ఆ ఆదివారమే వస్తుంది. గాలి తెరిచి గంట దాటింది. షెడ్డు తలుపులోంచి వెలుతురు పట్టీ ఒకటి నేల మీద పడింది. తడిసిన తెల్లచీరతో మేరీ అక్క మూడో ట్యాంకు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. బేసిన్ ముంచింది. నీళ్ళు తిప్పింది. చెయ్యి తీసేసింది. మేమంతా చుట్టూ నిలబడ్డాం. గిర్రున తిరిగే నీళ్ళలో నలుసుల్లాంటి పిల్లలు కొట్టుకుపోయాయి, కొట్టుకుపోయాయి, చాలా మటుకు నడిమధ్యకి చేరాయి. అందులోంచి ఒకటి వెనక్కి తిరిగింది. ఇంకొకటి. తర్వాత అంచు వెంట ఒక వరస.

"ఎదురీదుతుండాయన్నా" అంది, తల ఎత్తకుండా. "చూడు, ఎదురీదుతుండాయి."